మరపు కంటే ముందే తప్పే లెక్క

డబ్బు వ్యవహారం నడపడం మెదడుకు తేలిక పని కాదు. అంకెలు గుర్తుండాలి, కూడికలూ తీసివేతలూ తప్పకూడదు, ఎదుటి మనిషి మాటలో నిజమెంతో తూచాలి, రేపటి అవసరం కోసం ఇవాళ్టి ఆశను ఆపుకోవాలి. ఇన్ని శక్తులు ఒక్కసారే కలిసి పనిచేయాలి కాబట్టి డిమెన్షియా తొలి దెబ్బ చాలామందిలో ఇక్కడే తగులుతుంది. మనవళ్ల పేర్లు గుర్తుంటాయి, మాటతీరు మారదు, కూరగాయల బండి దగ్గర చిల్లర లెక్కా సరిగ్గానే ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంటు చదివి అర్థం చేసుకోవడం, ఏ బిల్లు కట్టారో ఏది కట్టలేదో చూసుకోవడం మాత్రం తడబడతాయి. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో డేనియల్ మార్సన్ బృందం డబ్బు పనులను విడివిడిగా పరీక్షించే పద్ధతిని తయారుచేసి ఈ తేడాను స్పష్టంగా చూపించింది.

2020 నవంబరులో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం ఒంటరిగా ఉంటున్న 81,364 మంది వృద్ధుల అప్పుల రికార్డులను వైద్య రికార్డులతో కలిపి చూసింది. డిమెన్షియా వచ్చిన కొందరిలో డాక్టరు జబ్బు పేరు చెప్పడానికి ఆరేళ్ల ముందు నుంచే బిల్లుల బకాయిలు కనిపించాయి. రెండున్నరేళ్ల ముందుకల్లా క్రెడిట్ స్కోరు పడిపోయింది. అంటే ఆ ఇళ్లలో జబ్బు సంగతి ఆసుపత్రి కంటే ముందు బ్యాంకు కాగితాల్లో రాసి ఉంది.

మన దగ్గర అది చీటీ పాటలో బయటపడవచ్చు. ఐదు లక్షల చీటీ, ఇరవై ఐదు మంది సభ్యులు, నెలకు ఇరవై వేలు అనుకుందాం. డబ్బు అవసరం లేని మనిషి నెలనెలా డివిడెండు తీసుకుంటూ చివరిదాకా ఆగి ఎత్తుకుంటాడు. ముప్పై ఏళ్లుగా అలాగే చీటీలు వేసిన మనిషి ఒక ఏడాది నాలుగో నెలలోనే లక్షన్నర వదులుకుని పాడి, చేతికొచ్చిన మూడున్నర లక్షలను ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో డిపాజిట్ చేశాడంటే ఇంట్లోవాళ్లు ఆగి చూడాలి. మిగిలిన ఇరవై ఒక్క నెలల్లో ఆ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ నలభై ఐదు వేలకు కాస్త అటూ ఇటూ. వదులుకున్నది లక్షన్నర. పదో తరగతి పిల్లవాడికి కనిపించే ఈ నష్టం ఆయనకు కనిపించడం లేదు. పైగా మంచి పనే చేశానన్న నమ్మకంతో ఉంటాడు. షికాగోలోని రష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించిందీ ఇదే. వయసుతో గ్రహణశక్తి తగ్గినా, డబ్బు విషయంలో తన తెలివి మీద మనిషికి ఉన్న ధీమా ఆ మేరకు తగ్గదు. మోసపు మాటలను పసిగట్టే నేర్పు తక్కువగా ఉన్న వృద్ధులకు తర్వాతి ఏళ్లలో ఆల్జైమర్స్ వచ్చే ముప్పు ఎక్కువని 935 మందిని పరిశీలించి 2019లో అదే సంస్థ ప్రకటించింది.

అయితే అందరూ ఒకే తీరున దెబ్బతినరు. ఆల్జైమర్స్‌లో మనిషి ప్రమాదాన్ని వెతుక్కుంటూ పోవడం తక్కువ. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టలేకపోవడమే ఎక్కువ. కొందరు ఉల్టాగా భయపడి, నోట్లు బియ్యం డబ్బాలో దాచి, మరచి, పనిమనిషి తీసిందంటారు. ఆ నిందతో ఏ పాపమూ ఎరగని ఒక పేదరాలి జీవనాధారం పోతుందన్నది కూడా తలచుకోవలసిన సంగతే. ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా దారి వేరు. అందులో మెదడు ముందు భాగం దెబ్బతిని తొందరపాటుకు బ్రేకు తెగిపోతుంది. మొదట్లో జ్ఞాపకం బాగానే ఉంటుంది కానీ మనిషి అడిగినవాళ్లందరికీ అప్పులిస్తాడు, అక్కర్లేనివి కొంటాడు, ఎవరేమనుకుంటారన్న జంకు పోతుంది. తరచూ యాభైలలోనే, అంటే ఉద్యోగంలో, వ్యాపారంలో ఉండగానే మొదలవుతుంది కాబట్టి నష్టమూ పెద్దదే. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి మెమరీ క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 347 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2011లో ప్రచురించిన వివరాల ప్రకారం దాదాపు ఐదో వంతు మందిది ఈ రకమే. ఇళ్లలో దీన్ని జబ్బుగా కాక దుబారాగా, దుర్బుద్ధిగా చూస్తారు. ఒక్కోసారి కారణం జబ్బు కాదు, మందు. పార్కిన్సన్స్‌కు వాడే ప్రామిపెక్సోల్ వంటి మందులు కొందరిలో జూదం పిచ్చి పుట్టిస్తాయి. డాక్టరు మందు మారిస్తే అది తగ్గుతుంది.

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం ప్రాంతాలకు ఇది దూరపు విషయం కాదు. సర్వే ఆఫ్ ఇండియా, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ వంటి కేంద్ర సంస్థలన్నీ ఉప్పల్ రోడ్డు మీదో, దాని చుట్టుపక్కలో ఉన్నవే. అక్కడ రిటైరైనవాళ్లూ, నాచారం పారిశ్రామికవాడలో జీవితమంతా పనిచేసినవాళ్లూ ఈ కాలనీల్లోనే స్థిరపడ్డారు. వాళ్ల చేతిలో ఉన్నవి పింఛను, పీఎఫ్ సొమ్ము, చవక రోజుల్లో కొన్న స్థలం, ప్రామిసరీ నోటు మీద వడ్డీకి తిప్పే కొంత డబ్బు. ఉప్పల్ రింగురోడ్డు నుంచి వరంగల్ హైవే ఎక్కితే ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, యాదగిరిగుట్ట వరకూ వెంచర్ల బోర్డులే. ప్రీలాంచ్ ధర ఈ ఆదివారం వరకేనని తొందరపెట్టే మాట ఆరోగ్యంగా ఉన్న మెదడునే తడబరుస్తుంది. పిల్లలు అమెరికాలోనో గచ్చిబౌలిలోనో ఉండి, పగలంతా ఫోనే తోడుగా ఉన్న పెద్దాయన మీద అది ఎలా పనిచేస్తుందో చెప్పనక్కర్లేదు. పోలీసులమంటూ వీడియో కాల్ చేసి, డిజిటల్ అరెస్టు అని బెదిరించి డబ్బు గుంజే ముఠాలకూ ఇలాంటి ఇళ్లే కావాలి. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా.

డబ్బు తప్పు చేసిన ప్రతి పెద్దమనిషికీ డిమెన్షియా అంటగట్టడం అన్యాయం. బి12 లోపం, థైరాయిడ్, కుంగుబాటు, నిద్రమాత్రలు, చివరికి చెవుడు కూడా ఇలాంటి తడబాటే తెస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. పోల్చవలసింది పక్కింటాయనతో కాదు, ఐదేళ్ల కిందటి ఆయనతోనే. ఈఎస్ఐ కార్డున్నవాళ్లు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో మొదలుపెట్టవచ్చు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే నిమ్స్ దగ్గరే. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేసిన పరీక్షలు తెలుగులోనూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు పాస్‌బుక్కు, చీటీ పుస్తకం వెంట తీసుకెళ్లడం మంచిది. ఇవాళ ఏ వారమని అడిగితే సరిగ్గా చెప్పే మనిషి కథ ఆ పుస్తకాల్లో వేరుగా ఉండవచ్చు.

చట్టం దగ్గర కుటుంబాలకు ఎదురయ్యే చిక్కు పెద్దది. నాన్నగారు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చారు కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. అవసరం వచ్చిన రోజునే అది పనికిరాదు. ఇంగ్లండులో మతి తప్పిన తర్వాత కూడా చెల్లే అధికార పత్రం ఉంది. మన చట్టంలో లేదు. పాత 1987 మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తికి మేనేజరును నియమించే వీలుండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం ఆ సంగతే వదిలేసింది. ఇప్పుడు చాలా కుటుంబాలు సంరక్షకుడి నియామకం కోసం హైకోర్టులో రిట్ వేసుకోవాల్సి వస్తోంది. పార్లమెంటు ఈ లోటు పూడ్చకపోవడం ఈ ఇళ్లకు జరుగుతున్న అన్యాయం.

అందుకే ఏర్పాట్లన్నీ తొలి దశలోనే, ఆ పెద్దమనిషిని కూర్చోబెట్టి, ఆయన ఇష్టంతో చేసుకోవాలి. ఖాతాలు ఇద్దరిలో ఎవరైనా నడిపేలా జాయింటుగా మార్చడం, యూపీఐ పరిమితి తగ్గించడం, పెద్ద సొమ్ము ఫోనుతో కలపని ఖాతాలో ఉంచడం, వీలునామా రిజిస్టరు చేయడం ఈ దశలో సాధ్యం. ఏటీఎం కార్డు లాక్కోవడం మాత్రం తప్పు. జీవితమంతా ఇంటిని నడిపిన మనిషి పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బు కోసం కొడుకును అడగాల్సి రావడం జబ్బుకన్నా ఎక్కువ కుంగదీస్తుంది. నెల ఖర్చుకు సరిపడా చిన్న ఖాతా, దాని కార్డు ఆయన దగ్గరే ఉండాలి.

బ్యాంకుల బాధ్యత కూడా తక్కువేం కాదు. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం ఖాతాదారు ఓటీపీ తానే చెప్పేస్తే అది నిర్లక్ష్యం. బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం ఆయనదే. జబ్బును నిర్లక్ష్యంగా లెక్కగట్టే ఈ నియమం మారాలి. ఈలోగా డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పోయింది ప్లాటు అమ్మకంలోనైతే, సంతకం నాటికి మతి స్థిమితం లేని మనిషి చేసిన ఒప్పందం కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. ఆ సంగతి రుజువు చేయాల్సిన భారం మాత్రం కుటుంబానిదే. సంతకానికి ముందు తేదీతో ఉన్న డాక్టరు చీటీ, పరీక్షల రిపోర్టులు ఉంటే ఆ కేసుకు బలం వస్తుంది.