నడక తగ్గినవారికి ఏ బండి కొనాలి?

ప్రశ్న: మా అత్తగారికి 67 ఏళ్లు. పదేళ్లుగా మధుమేహం, మోకాళ్ల నొప్పులు. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తారు గాని, వీధి చివరనున్న గుడికి వెళ్లలేకపోతున్నారు. విదేశంలో వున్న మా మరిది బ్యాటరీ స్కూటరు కొనడానికి డబ్బు పంపుతానంటున్నాడు. మావారు మామూలు చక్రాల కుర్చీ చాలంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో బండి కంటే ముఖ్యమైన మాట ఒకటి వున్నది. మీ అత్తగారు ఇంట్లో ఇంకా నడుస్తున్నారు. ముందు ఆ నడకను కాపాడుకోవాలి. ఏ బండి కొన్నా అది వీధిలోకి వెళ్లడానికే గాని, మంచం దగ్గర నుంచి వంటింటికి వెళ్లడానికి కాదు. పని లేని కాలి కండరాలు కొద్ది వారాల్లోనే చిక్కిపోతాయి. తరువాత లేచి నిలబడటమే కష్టమవుతుంది. ఇంట్లో గోడకు బదులు చేతికర్ర గాని, వాకరు గాని అలవాటు చేయండి.

కారణం తెలుసుకోండి

నడక తగ్గడానికి మోకాళ్లే కారణమని అనుకోవద్దు. మధుమేహం వల్ల పాదాల నరాలు మొద్దుబారవచ్చు. వెన్నులో నరాలు నొక్కుకుపోయినా, కాళ్లకు రక్తప్రసారం తగ్గినా, బి12 విటమిను లోపించినా, రక్తహీనత, గుండె బలహీనత వున్నా మనిషి నడవలేడు. వీటిలో కొన్ని వైద్యంతో బాగుపడతాయి. నడక కొద్ది రోజుల్లోనే పడిపోయినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా బండి సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఎవరికి ఏది?

బ్యాటరీ స్కూటరు నడపాలంటే నిటారుగా కూర్చోగలగాలి. రెండు చేతులతో హ్యాండిలు తిప్పగలగాలి. నాలుగడుగులు వేసి ఎక్కి దిగగలగాలి. చూపు బాగుండాలి. మూర్ఛలు, కళ్లు తిరగడం, మతిమరుపు వున్నవారు, మత్తు కలిగించే మందులు వాడేవారు నడపకూడదు.

పక్షవాతంతో ఒక చేయి పడిపోయిన వారికి స్కూటరు పనికిరాదు. బాగున్న చేతి వైపు మీట అమర్చిన బ్యాటరీ చక్రాల కుర్చీ నయం. అయితే పక్షవాతం వచ్చిన కొందరు ఒక పక్కనున్న వస్తువులను గమనించలేరు. వారు ఏదీ సొంతంగా నడపరాదు. కాళ్లు చచ్చుబడి చేతులు బలంగా వున్నవారికి చేత్తో తిప్పే మూడు చక్రాల బండి చవకలో వస్తుంది గాని, ఏళ్ల తరబడి వాడితే భుజాలు నొప్పి పెడతాయి.

స్కూటర్లలో మూడు చక్రాలది ఇరుకు సందులో సులువుగా తిరుగుతుంది. నాలుగు చక్రాలది మలుపుల్లో, ఎగుడుదిగుడు దారిలో నిలకడగా వుంటుంది. మన వీధులకు, వృద్ధులకు నాలుగు చక్రాలదే మేలు.

కొలతలు తీయండి

ధర అడిగే ముందు టేపు తీసుకోండి. 18 అంగుళాల సీటున్న చక్రాల కుర్చీ మొత్తం వెడల్పు 25, 26 అంగుళాలుంటుంది. మీ స్నానాల గది తలుపు అంతకంటే ఇరుకైతే కుర్చీ బయటే ఆగిపోతుంది. వీధి మెట్ల ఎత్తు ఒక అడుగైతే, దానికి 12 అడుగుల పొడవున వాలు కట్టించాలి. అంతకంటే నిటారుగా కడితే బండి వెనక్కి పడవచ్చు.

కూర్చున్నప్పుడు తుంటికి అటూ ఇటూ అంగుళం చొప్పున ఖాళీ వుండాలి. మోకాలి వెనుక రెండు మూడు వేళ్లు పట్టాలి. పాదాలు వేలాడకూడదు. బండి మోయగల బరువు మనిషి బరువు కంటే ఎక్కువుండాలి. అడుగుభాగం స్పీడ్ బ్రేకరుకు తగలకుండా వుండాలి.

ఖర్చు సంగతి

మామూలు చక్రాల కుర్చీతో పోలిస్తే బ్యాటరీ బండి ఎన్నో రెట్లు ఎక్కువ. కొన్న తరువాత బ్యాటరీ మార్చే ఖర్చు వేరే. సీసపు బ్యాటరీ చవక, బరువు ఎక్కువ. లిథియం బ్యాటరీ తేలిక, ఖరీదు ఎక్కువ. ఒక చార్జికి ఇంత దూరం పోతుందని కంపెనీ చెప్పిన దానిలో సగమే లెక్క వేసుకోండి. మరమ్మతు చేసేవారు మీ వూళ్లోనో, దగ్గర పట్టణంలోనో వున్నారా అని అడగండి. మీ అత్తగారిని కూర్చోబెట్టి, నడిపించి చూడకుండా డబ్బు కట్టవద్దు.

స్తోమత లేనివారికి ప్రభుత్వ సాయం వున్నది. కనీసం 40 శాతం వైకల్యం వున్నట్లు ధ్రువపత్రం గల, తక్కువ ఆదాయం వారికి కేంద్ర ప్రభుత్వ 'అడిప్' పథకం కింద ఉపకరణాలు ఇస్తారు. మోటారు బండి మాత్రం తీవ్ర వైకల్యం వున్నవారికే. 60 ఏళ్లు దాటిన పేదలకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైనది. జిల్లా దివ్యాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో విచారించండి.

మీ అత్తగారికి ఏమి చేయాలి?

మొదట వైద్య పరీక్ష చేయించండి. మధుమేహం వున్నది కనుక కంటి లోపలి పొరను కూడా చూపించండి. చూపు, చేతులు బాగుంటే నాలుగు చక్రాల స్కూటరు కొనవచ్చు. లేదంటే మీవారు చెప్పినదే సరి. మడత పెట్టే తేలిక కుర్చీ కొని, గుడికి ఒకరు తోసుకు వెళ్లండి.

ఏది కొన్నా, కుర్చీలో కూర్చుని ఒక్కొక్క కాలు చాచి అయిదు లెక్కపెట్టే వరకు నిలిపే వ్యాయామం పూటకు పదిసార్లు చేయించండి. ఎక్కువసేపు కూర్చుంటే అరగంటకోసారి లేచి నిలబడాలి. రాత్రి పడుకోబోయే ముందు పాదాలు చూడండి. స్పర్శ తగ్గిన కాలికి బండి ఒరిపిడి తగిలి పుండు పడినా ఆమెకు నొప్పి తెలియదు.