తిట్లతో కౌలుదారుకు కార్డు రాదు

నానక్‌రామ్‌గూడ పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరం వంద కోట్లు పలికింది. ఈ టవర్లు కట్టే కూలీలు ఎన్నికలకు ఊరెళితే ఊరు రెండు ముక్కలై కనిపిస్తుంది.

ఆ జులైలోనే మూడు గంటల కరెంటు రగడ. రేవంత్‌రెడ్డి అమెరికాలో అన్నమాట రైతు ద్రోహమని బి.ఆర్‌.ఎస్‌., వక్రీకరించారని కాంగ్రెసు. దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. పోలింగుకు మూడు రోజుల ముందు, నవంబరు 27న, రైతుబంధు పంపిణీకిచ్చిన అనుమతిని ఎన్నికల సంఘం రద్దు చేసింది. మంత్రి హరీశ్‌రావు బహిరంగంగా ప్రకటించడమే కారణమంది. మళ్ళీ తిట్లే.

ఈ గోలలో కౌలురైతు గొంతు వినపడలేదు. రైతుబంధు పట్టాదారుకే పోయింది. కౌలుదారులకూ ఎకరాకు ఏటా 15,000 ఇస్తామన్న కాంగ్రెసు, 2025 జనవరిలో 12,000తో రైతు భరోసా మొదలుపెట్టింది. అదీ పట్టాదారుకే.

మర్యాదగా మాట్లాడుకోవాలని మేమనేది నాయకుల పరువు కోసం కాదు. సాటి రైతుని తిడితే లాభపడేది జవాబు ఎగ్గొట్టేవాడే. ఏ జెండా వచ్చినా రచ్చబండ మీద కూర్చోబెట్టి కలిసి అడుగుదాం: 2011 చట్టం ప్రకారం కౌలుదారుకు గుర్తింపు కార్డు ఎప్పుడిస్తారు?