ఆకు మాడినదెంత? పంట తగ్గినదెంత?

పసుపుచేనికి ఆకుమచ్చ తెగులు తగిలిన యేట రెండు మాటలు వినవచ్చును. “సగము పంట పోయినది” అని రైతు మొరపెట్టుకొనును. గట్టుమీద నిలిచి చూచిన యుద్యోగి “పదియవవంతు” అని వ్రాసికొనిపోవును. రెండును కంటి యంచనాలే. న్యాయవాదివృత్తిలోనున్న మేము వీనిలో దేనిని సాక్ష్యమనజాలము.

ఆకు నేలపైనున్నది, పంట నేలలోనున్నది. కొమ్ము సన్నబడిన సంగతి త్రవ్వకమునాటికి గాని బయటపడదు. భాద్రపదమున మాడిన ఆకు కొమ్మును ఊరనీయదు. త్రవ్వకమునకు ముందెండిన ఆకు పంట పండి యెండినదే. కావున మచ్చల నెన్నుట చాలదు, ఏనాడు పడినవో వ్రాసికొనవలయును. మచ్చలును ఒక్క జాతివి కావు. చిన్నచిన్న పసుపుమచ్చలను పుట్టించు ట్యాఫ్రినా మాక్యులాన్స్ అను బూజును 1911లో బట్లరు వర్ణించెను. పెద్దమచ్చలకు మూలమైనది కొల్లెటోట్రైకమ్ కాప్సిసి. మన కంచికచర్ల, నందిగామ మెట్టలలోని మిరపరైతు దీని నెరుగకపోలేదు. కాయకుళ్లు తెచ్చునదియు నిదియే.

ఈ యంకెకు ఇంత పట్టుదల యేల యందురా? 2016లో వచ్చిన ఫసల్ బీమా పథకమున వడగండ్లకు, నీటిమునుగుటకు ఒక్కొక్క చేనిని విడిగా చూచుట కలదు. తెగులునష్టము మాత్రము ప్రాంతపు సగటు దిగుబడిలో కలిసిపోవును. ప్రకృతివైపరీత్య సాయమునకైనచో 2015 మొదలు 33 శాతము నష్టము హద్దు. సగమునకును పదియవవంతునకును నడుమనే ఆ హద్దున్నది. తెగులునష్టమునకును విడిగా విచారణ కావలెనని యడుగబోవు మనచేతిలో తూచిన లెక్క యుండవలదా?

మార్గము కష్టమైనది కాదు. ఒకే చేనిలో, ఒకే విత్తనము, ఒకే యెరువు వేసిన మడులలో కొన్నిటికి మందు చల్లి, కొన్నిటిని విడువవలయును. నీరు నిలిచిన మడులను లెక్కలో చేర్చరాదు. అచ్చట దుంపకుళ్లు చేసిన నష్టమును ఆకుమచ్చపై మోపుదుము. త్రవ్విననాడు పచ్చిపసుపును తూచి, ఉడికించి యెండబెట్టిన పిమ్మట మరల తూచవలయును. పచ్చిసరకు ఎండునప్పటికి అయిదవవంతునకు దిగును. అంగడిలో అమ్ముడుపోవునది ఆ యెండుసరకే గదా. ఒక్క చేనితో నిర్ణయింపరాదు, ఊరికి నాలుగైదైనను కావలయును. మందు చల్లని మడుల నష్టమును ఆ రైతు నెత్తిననే పెట్టుట యన్యాయము, ఊరివారు పంచుకొనవలయును.

నిజామాబాదున 2025లో వెలసిన జాతీయ పసుపుబోర్డు ఈ పని నెత్తికెత్తుకొనిన సంతోషమే. దానికై కూర్చుండనక్కరలేదు. పఠనమందిరమునకు వచ్చు యువకులలో నలుగురు ఒక కాటా, ఒక పుస్తకము చేతబట్టి నాటుదినముననే మడులకు కొయ్యలు పాతింపవలెనని కోరుచున్నాము.