శిక్ష పడాలి, బేరం కుదరొద్దు

తాగి ట్రాక్టర్ నడిపేవాణ్ని సంఘం వెనకేసుకురాదు. పసుపు బస్తాలతో సిరికొండ నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయే ట్రాలీలో కూలీల ప్రాణాలూ ఉంటాయి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే నేరమే. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, 10,000 రూపాయల జరిమానా పడొచ్చు.

అయితే శిక్ష చట్టం ప్రకారం పడాలి. మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ కింద పోలీసులు లైసెన్సు తీసుకొని, రసీదు ఇచ్చి, దాన్ని రవాణా శాఖకు పంపాలి. ఆ రసీదుతో బండి నడపరాదు. లైసెన్సును సస్పెండ్ చేయాల్సింది 19వ సెక్షన్ కింద రవాణా అధికారి. అదీ మన మాట విన్నాక, కారణాలు రాసి. ఆ ఉత్తర్వుపై 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఎవరిపై కేసు పెట్టాలో, ఎవరిని వదలాలో రోడ్డు మీదే తేలితే, పలుకుబడి ఉన్నవాడి కారు ముందుకు పోతుంది, రైతు ట్రాక్టర్ ఆగిపోతుంది. అందుకే పట్టుబడ్డ ప్రతి లైసెన్సూ, అది ఎవరిదైనా, రవాణా శాఖకు చేరాలని డిమాండ్ చేస్తున్నాం. సభ్యులారా, తాగితే తాళంచెవి ఇంకొకరికి ఇవ్వండి. పట్టుబడితే రసీదు అడగండి, నోటు చాపకండి.