అగస్త్య పర్వత పుష్పము: కొనువారి బాధ్యత

తిరునల్వేలి, కన్యాకుమారి మండలములలో తరతరములుగా స్థిరపడియున్న మన తెలుగువారికి అగస్త్య పర్వతము క్రొత్త కాదు. తామ్రపర్ణి నది అచ్చటనే పుట్టుచున్నది. తమిళనాడు, కేరళ రాష్ట్రముల సరిహద్దున నున్న ఆ శిఖరము 1,868 మీటర్ల ఎత్తు గలది. ఆ పర్వత ప్రాంతమున దప్ప లోకమున మరెక్కడను సహజముగ మొలవని ఒక పూమొక్కను గూర్చియు, వ్యాపారము వలన దానికి పట్టిన గతిని గూర్చియు మన పాఠకులకు, అందును ముఖ్యముగ వర్తక సోదరులకు, కొన్ని మాటలు మనవి చేయదలచితిమి.

ఆ మొక్క ఆర్కిడ్ కుటుంబమునకు చెందినది. శాస్త్రజ్ఞులు దానిని పాఫియోపెడిలం డ్రూరీ యని పిలుతురు. ఆర్కిడ్ అనగానే చెట్టుకొమ్మలపై పెరుగు బదనిక వంటిదని మనవారు తలచుట కలదు. ఇది అట్టిది కాదు. ఎత్తైన గడ్డి వాలులలో, రాళ్ల సందులలో, నేలనే నమ్ముకొని పెరుగును. కాడకు సాధారణముగ ఒక్కటే పువ్వు. వన్నె పసుపు, రేకుల నడుమ ముదురు గోధుమ రంగు చార, క్రింది రేకు చిన్న సంచి వలె నుండును. ఆ సంచిని చూచి ఇంగ్లీషువారు ఈ తరగతి పూలకు ‘లేడీస్ స్లిప్పర్’, అనగా దొరసాని చెప్పు, అని పేరు పెట్టిరి. పువ్వును చెప్పుతో పోల్చుట మనకు రుచింపదు గాని ఆ పేరే స్థిరపడినది. సంచిలో జారిపడిన పురుగు వెనుక నున్న ఇరుకు దారిన బయటపడవలెను. పోవునప్పుడు పుప్పొడి దాని వీపున నంటుకొనును. అది మరియొక పువ్వులో మరల పడినప్పుడే కాయ కట్టును. ఇంత శ్రమకు పురుగునకు తేనెచుక్కయైనను దక్కదు. మన భాషలో చెప్పవలెనన్న, సరుకు లేని అంగడికి అందమైన బోర్డు!

కాయలో దుమ్ము వంటి విత్తనములు వేలకొలది యుండును. వానిలో మొలకకు వలసిన ఆహారము నిలువ యుండదు. నేలలోని ఒక జాతి శిలీంధ్రము తోడుపడిననే మొలక బ్రతుకును. పూచుటకు మరి కొన్ని యేండ్లు పట్టును. కనుక ఒక మొక్కను పెకలించినచో ఆ చోటు పూడుటకు ఎంత కాలము పట్టునో పాఠకులే యూహింపగలరు.

కర్నల్ హీబర్ డ్రూరీ 1865లో ఈ మొక్కను కనుగొనెను. మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన బెడ్డోము దొర 1874లో దీనిని శాస్త్రగ్రంథమున కెక్కించి, డ్రూరీ పేరే దానికి పెట్టెను. పిమ్మట చాల కాలము అడవిలో దాని జాడ తెలియలేదు. 1972లో మరల కనబడినది. సంతోషింపవలసిన వార్తయే, కాని ఆ వార్తయే దానికి శత్రువైనది. చోటు తెలిసినంతనే మొక్కలు సేకరించువారు కొండ నెక్కి, దొరకిన దానినెల్ల త్రవ్వుకొని పోయిరి. నేడు విదేశములలోని అద్దాల తోటలలో ఈ జాతి సుఖముగ పూయుచున్నది, దానితో సంకరజాతులు కూడ పుట్టించుచున్నారు. స్వస్థలమున మాత్రము అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము వారు దీనిని ‘అత్యంత ప్రమాదస్థితి’లో నున్న జాతిగా లెక్కించిరి.

చట్టము లేకపోలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణ వలన మొక్కలకును రక్షణ లభించినది. అప్పటి పట్టికలో నున్నవి ఆరే. అందు లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్‌లు ఒకటి. మరియొకటి ఆ బెడ్డోము పేరనే వెలసిన, తిరుపతి, కడప కొండలలో మాత్రమే పెరుగు సైకాస్. తిరుమలకు పోవు మన యాత్రికులలో ఎందరికి ఈ సంగతి తెలియును? వీనిని అడవి నుండి పెకలించుటయు, లైసెన్సు లేక పెంచుటయు, అమ్ముటయు నేరములు. 2022 సవరణ తరువాతను ఈ రక్షణ కొనసాగుచున్నది. దేశముల నడుమ వ్యాపారమును నియమించు ‘సైటీస్’ ఒడంబడికలో కూడ ఈ రెండును మొదటి అనుబంధముననే, అనగా కఠినమైన నిషేధము గల తరగతిలోనే, యున్నవి.

వర్తక మిత్రులు కొందరు మాతో ననుచుందురు: “అమ్మకమునకు వచ్చిన సరుకును కొనుట తప్పా? మేము కొనకున్న మరియొకరు కొందురు గదా?” ఈ వాదము మాకు సమ్మతము కాదు. దొంగసొత్తు విషయమున మనలో నెవ్వరును ఈ మాట పలుకరు. మొక్క విషయమున మాత్రమేల పలుకవలెను? కొండపై త్రవ్వినవానికి దక్కునది కూలియే. లాభము దిగువనున్న మధ్యవర్తిది, మోజు కొనువానిది. అడవిలోని పేదవానిని పట్టి శిక్షించి, పట్టణములోని గిరాకిని విడిచిపెట్టుట న్యాయము కాదు. అరుదైన కొలది వెల హెచ్చును, వెల హెచ్చిన కొలది మిగిలినవాని వేట హెచ్చును. అసలును తిని లాభమని వ్రాసుకొను చిట్టా ఎన్నాళ్లు సాగును?

ఆర్కిడ్ వ్యాపారమే కూడదని మా యభిప్రాయము కాదు. గాజుసీసాలలో విత్తనములు మొలిపించి మొక్కలను పెంచు విద్య మన దేశముననే కలదు. తిరువనంతపురము చెంతనున్న పాలోడు ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధనాలయము వారు ఈ డ్రూరీ మొక్కనే అట్లు పెంచి, మరల అడవిలో నాటిరి. తోటలో పుట్టిన సరుకును, రసీదు గల సరుకును అమ్ముకొని బ్రతుకుటకు ఎవ్వరి యడ్డును లేదు.

కావున తిరునల్వేలి, తెన్‌కాశి, నాగర్‌కోయిలు ప్రాంతములలోని మన సంఘములవారు రాబోవు సమావేశములలో ఈ విషయమును చర్చింపవలెనని కోరుచున్నాము. రక్షిత మొక్కల పట్టికను తెలుగున, తమిళమున వ్రాయించి, నర్సరీలు, మూలికల అంగళ్లు నడుపు మన సభ్యులకు పంచిపెట్టుట మొదటి పని. తిరుపతి వైపు బంధువులున్నవారు సైకాస్ విషయమును వారికి జాబు వ్రాసి తెలుపవలెను. మూలము చెప్పలేని మొక్కను మా సభ్యులు కొనరని తీర్మానము చేసి పంపినచో, ఈ పత్రికలో సంఘము పేరుతో ప్రకటింతుము.