గుండెకు కీటోన్ పౌడరా? ఆగు తమ్ముడూ!

మేళ్లచెరువు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నాన్నకు హార్ట్ ఫెయిల్యూర్ అన్నరు. కీటోన్ పౌడర్ తాగితే గుండె పంపింగ్ పెరుగుతదని రీల్‌లో చూసిన. ఆర్డర్ పెట్టమంటవా?"

వద్దు తమ్ముడూ. ఆ రీల్‌లో సగం నిజం ఉంది. చిక్కంతా ఆ సగంతోనే.

ఉపవాసం ఉన్నా, అన్నం బాగా తగ్గించినా మన లివర్ కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది. బలహీనపడిన గుండె వాటిని మామూలుకన్నా ఎక్కువగా వాడుకుంటుంది. 2019లో డెన్మార్క్‌లోని ఆర్హూస్ డాక్టర్లు 16 మంది హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లకు 3 గంటలు కీటోన్ డ్రిప్ ఎక్కించి చూశారు. గుండె నిమిషానికి పంప్ చేసే రక్తం సుమారు 2 లీటర్లు పెరిగింది. చిన్న విషయమేం కాదు.

కానీ వాళ్లంతా నిలకడగా ఉన్న పేషెంట్లు. నరంలోకి డ్రిప్, పక్కనే డాక్టర్లు. ఆయుష్షు పెరుగుతుందా లేదా అన్నది 3 గంటల పరీక్షలో తేలే సంగతి కాదు.

మరి డబ్బాలో అమ్మేది? చాలావరకు కీటోన్ సాల్ట్స్. అంటే కీటోన్‌తో పాటు సోడియం కూడా లోపలికి పోతుంది. గుండె పేషెంట్‌ను పచ్చళ్లు, అప్పడాలు మానమనేది ఎందుకు? ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీరు కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

కీటో అనగానే మనవాళ్లకు వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ గుర్తొస్తుంది. కొబ్బరినూనె, నిమ్మకాయలు, రోజుకు 4 లీటర్ల నీళ్లు. జనం దాన్ని పట్టింది బరువు, షుగర్ తగ్గడానికి. నీళ్లు కొలిచి తాగమని డాక్టర్ చెప్పిన మనిషికి ఆ 4 లీటర్లే ముప్పు. ఇంకోటి, నాన్న మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్ గానీ ఎంపాగ్లిఫ్లోజిన్ గానీ ఉందేమో చూడు. అవి వేసుకుంటూ కీటో చేస్తే, షుగర్ పెద్దగా పెరగకపోయినా రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు.

మన శివరాత్రి జాతరలో బండ లాగుతూ ఎద్దు కూలబడితే దాణా తెచ్చి పెడతామా? ముందు కాడి విప్పుతాం. గుండె ఒక్కసారిగా చేతులెత్తేసినప్పుడు కూడా అంతే. ముందు బరువు దించాలి. అవసరమైతే ఆక్సిజన్, ఒంట్లో నీరు తీసే ఇంజెక్షన్. అవి ఆస్పత్రిలోనే అయ్యే పనులు.

ఆ పౌడర్ డబ్బులతో ఒక వెయింగ్ మెషీన్ కొను. రోజూ పొద్దున్నే నాన్న బరువు రాసిపెట్టు. 3 రోజుల్లో 2 కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చెయ్. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నాడా? అర్ధరాత్రయినా సరే, 108కి కొట్టు. వేసుకునే మందుల చీటీ వెంట తీసుకుపో. తెల్లారాక కోదాడకో మిర్యాలగూడకో పోదాంలే అని మాత్రం ఆగకు.