పాత కెర్నల్స్ అన్నీ పీకేయకండి... ఒక్కటి ఉంచండి!

ఫోన్‌లో ‘స్టోరేజ్ ఫుల్’ అని వస్తే మనం ఏం చేస్తాం? వాట్సాప్‌లో పేరుకుపోయిన గుడ్ మార్నింగ్ ఫొటోలు లేపేస్తాం, వాడని యాప్స్ తీసేస్తాం. రెండు నిమిషాల పని. పోయిన ఏడాది ఒక సర్వర్ మీద కూడా నేను సరిగ్గా ఇదే చేశా. దాని ఫలితం? మిరపకాయల బస్తాలు తీసుకెళ్దామని వచ్చిన రైతులు ఒక పూటంతా గేటు దగ్గర నిలబడ్డారు.

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు. బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువగా ఇంటి నుంచే పని. మా బాబాయ్ దగ్గర్లోని ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాడు. ఏ రైతువి ఎన్ని బస్తాలు, ఏ ఛాంబర్‌లో ఉన్నాయి, అద్దె ఎంతయింది... ఇవన్నీ చూసుకోవడానికి ఒక పాత డెస్క్‌టాప్ మీద ఉబుంటు సర్వర్ 22.04 వేసి ఇచ్చా. బూట్ పార్టిషన్‌కి 512 ఎంబీ చాలనుకున్నా. సీజన్‌లో ఇబ్బంది ఎందుకని ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆపేసి, వీలైనప్పుడు నేనే చేసేవాణ్ణి.

అసలు పాత ఫైల్స్ ఎందుకు మిగులుతాయి?

మామూలు యాప్ అప్‌డేట్ అయితే పాతది పోయి కొత్తది వస్తుంది. లైనక్స్ కెర్నల్ అలా కాదు. కొత్త వెర్షన్ పాతదాని పక్కన చేరుతుంది. కొత్తది బూట్ అవ్వకపోతే పాతదాంట్లోకి వెళ్లడానికే ఈ ఏర్పాటు. ప్రతి వెర్షన్‌కీ బూట్ ఫోల్డర్‌లో కెర్నల్ ఫైల్, ఇనిట్‌ఆర్‌డీ అనే ఇమేజ్, కాన్ఫిగ్, సిస్టమ్ మ్యాప్ ఉంటాయి. డ్రైవర్లు మాడ్యూల్స్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. నా సర్వర్‌లో ఒక్కో ఇనిట్‌ఆర్‌డీనే 100 ఎంబీ దాటింది. అంటే 512 ఎంబీలో నాలుగో కెర్నల్ వచ్చేసరికే ఇరుకు.

‘ఈ ప్యాకేజీలు ఇక అవసరం లేదు, ఆటోరిమూవ్ వాడండి’ అని అప్‌డేట్ చేసిన ప్రతిసారీ టెర్మినల్ చెబుతూనే ఉంది. నేను చదివితేగా!

నేను చేసిన తప్పు

ఒకరోజు అప్‌డేట్ మధ్యలో ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని ఆగిపోయింది. బూట్ ఫోల్డర్ తెరిచి, అన్నిటికంటే పెద్ద నంబర్ ఉన్న కెర్నల్ తప్ప మిగతావన్నీ ‘ఆర్ఎమ్’ కమాండ్‌తో లేపేశా. గ్రబ్ అప్‌డేట్ చేశా. బోలెడంత ఖాళీ! హమ్మయ్య అనుకొని లాప్‌టాప్ మూసేశా.

అక్కడ నేను రెండు విషయాలు చూసుకోలేదు. ఒకటి, చోటు లేక ఆగిపోయింది సరిగ్గా ఆ కొత్త కెర్నల్ ఇన్‌స్టాలేషనే. దాని ఇనిట్‌ఆర్‌డీ తయారవ్వనే లేదు. రెండు, నేను లేపేసిన వాటిల్లో అప్పుడు నడుస్తున్న కెర్నల్ కూడా ఉంది. అయినా సర్వర్ ఆగలేదు. ఎందుకంటే కెర్నల్ ఒకసారి బూట్ అయ్యాక ర్యామ్‌లోంచే నడుస్తుంది. మూడు వారాల పాటు ఏ తేడా కనపడలేదు.

జూన్‌లో ఒక రాత్రి గాలివానకి కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు ఆగి అదీ చేతులెత్తేసింది. పొద్దున్నే బాబాయ్ ఫోన్: ‘ఏరా, నీ సర్వరు లేవట్లేదు. తెర మీద ఏదో ప్యానిక్ అంటంది.’ కెర్నల్ ప్యానిక్! వెనక్కి వెళ్దామంటే గ్రబ్ మెనూలో పాతది ఒక్కటీ లేదు. నేనే పీకేశాగా.

నేను వెళ్లేసరికి గేటు దగ్గర ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. మిర్చి యార్డులో రేటు కాస్త బాగుందని సరుకు తీద్దామని వచ్చారు. అద్దె లెక్క తేలందే బస్తా బయటికి పోదు. ఒక పెద్దాయన నన్ను చూసి, ‘అబ్బాయ్, మా బస్తాలు లోపల ఉండాయా, లేక నీ కంప్యూటర్ మింగేసిందా?’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, సీహెచ్‌రూట్‌లోకి వెళ్లి, సగంలో ఆగిన ప్యాకేజీని ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ’తో పూర్తి చేసేసరికి మధ్యాహ్నం అయింది.

ఫోన్ నుంచి నేర్చుకోవాల్సింది

ఈ విషయంలో సర్వర్లు నడిపే మనకంటే ఆండ్రాయిడ్ ఫోనే నయం. 2016లో ఆండ్రాయిడ్ 7.0 నౌగాట్‌తో గూగుల్ ఏ/బీ స్లాట్స్ తెచ్చింది. కొత్త సిస్టమ్ రెండో స్లాట్‌లోకి వెళ్తుంది. అది బూట్ అవ్వకపోతే ఫోన్ తిరిగి పాత స్లాట్‌లోకి వస్తుంది. పది వెర్షన్లు దాచుకోదు, అలాగని దారి లేకుండా కూడా చేసుకోదు. ఫెడోరాలో కూడా డీఎన్ఎఫ్ మామూలుగా మూడు కెర్నల్స్ ఉంచి, అంతకంటే పాతవి తనే తీసేస్తుంది.

మన దగ్గర మాత్రం రెండు వర్గాలు. ‘నడుస్తున్న దాన్ని ముట్టుకోకు’ అనే సీనియర్లు ఒకవైపు. డిస్క్‌లో ఒక్క ఎంబీ వేస్ట్ కాకూడదనే నాలాంటి కుర్రాళ్లు ఇంకోవైపు. నా దృష్టిలో ఇద్దరిదీ తప్పే.

ముట్టుకోకపోతే ఏమవుతుంది? 2022 మార్చిలో ‘డర్టీ పైప్’ అనే లోపం బయటపడింది. మామూలు యూజర్ రూట్ అయిపోగల లోపం అది. 5.8 నుంచి కెర్నల్స్‌లో ఉంది, పిక్సెల్ 6 లాంటి ఫోన్లనూ తాకింది. 5.16.11, 5.15.25, 5.10.102 వెర్షన్లలో సరిచేశారు. బూట్ పార్టిషన్ నిండిపోయి ఉంటే అలాంటి ఫిక్స్ వచ్చినా ఎక్కడికి ఎక్కుతుంది? డిస్క్‌లో ఊరికే పడి ఉన్న పాత కెర్నల్ వల్ల అసలు ప్రమాదం అదే.

మా ఊళ్లో పత్తి తీతలు అయ్యాక చేలో కట్టె వదిలేస్తే గులాబీ రంగు పురుగు అందులోనే ఉండి తర్వాతి పంట మీద పడుతుంది. అందుకే కట్టె పీకేస్తారు. కానీ పచ్చగా కాయ ఉన్న మొక్కని ఎవరూ పీకరు కదా! నేను పీకింది దాన్నే.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి

1. ముందు ‘యునేమ్ -ఆర్’ కొట్టి ఏ కెర్నల్ నడుస్తుందో చూస్తా. ‘డీఎఫ్ -హెచ్’తో బూట్‌లో ఎంత చోటుందో చూస్తా.

2. కొత్త కెర్నల్‌తో ఒకసారి రీబూట్ చేసి, అంతా బాగుందని తేలాకే పాతవాటి జోలికి వెళ్తా.

3. తీసేది ‘ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్’తోనే. నడుస్తున్నదాన్ని అది ముట్టుకోదు. ఏమేం తీస్తుందో చూపిస్తుంది, ఆ లిస్ట్ చదివాకే ఎస్ అంటా.

4. తర్వాత ‘డీపీకేజీ -ఎల్’ లిస్ట్‌లో ‘ఆర్‌సీ’ అని ఉన్నవి చూస్తా. ప్యాకేజీ పోయినా కాన్ఫిగ్ మిగిలినవి అవి. వాటినీ పర్జ్ చేస్తా.

5. బయటి డ్రైవర్లు వేసుకుంటే పాత మాడ్యూల్స్ ఫోల్డర్ ‘ఖాళీగా లేదు కాబట్టి తీసేయలేదు’ అని మిగిలిపోవచ్చు. ఆ వెర్షన్ ప్యాకేజీ నిజంగా పోయిందని నిర్ధారించుకున్నాక, ఆ ఒక్క ఫోల్డర్‌ని మాత్రమే ‘ఆర్ఎమ్’ చేస్తా.

అన్నిటికంటే ముఖ్యంగా, ఆటోమేటిక్ అప్‌డేట్స్ మళ్లీ ఆన్ చేశా. అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్‌కి వాడని కెర్నల్స్‌ని తీసేసే సెట్టింగ్ ఉంది. నా గుర్తు మీద ఆధారపడటం కంటే అది నయం. బూట్ పార్టిషన్‌కి కూడా ఈసారి 2 జీబీ ఇచ్చా.

నడుస్తున్నది ఒకటి, దాని ముందు బాగా నడిచింది ఇంకొకటి. ఈ రెండూ ఉంటే చాలు, మిగతావి పోవచ్చు. మొన్న ఒక అప్‌డేట్ తర్వాత నెట్‌వర్క్ కార్డ్ పని చేయలేదు. గ్రబ్‌లో పాతది ఎంచుకుని రెండు నిమిషాల్లో బయటపడ్డా. ఆ రోజు బాబాయ్ నుంచి ఫోన్ రాలేదు.